డాక్టర్ హూ: చెప్పిన కథను మార్చే విద్య



ఈ పూట ఒక టీవీ నాటకం గురించి మాట్లాడుకుందాం. రేడియోలో టీవీ ముచ్చటేమిటని నవ్వకండి. ఆ నాటకంలో చెవికి దక్కిన వాటా తక్కువేం కాదు. ఆ సంగతికి మధ్యలో వస్తాను.

నాటకం పేరు డాక్టర్ హూ. ఇంగ్లండులో బీబీసీ వాళ్లు వేసేది. 1963 నవంబర్ 23, శనివారం సాయంత్రం మొదలైంది. ముందు రోజే అమెరికాలో కెనెడీని కాల్చి చంపారు. జనం మనసంతా ఆ వార్త మీదే ఉంది. అందుకని మరుసటి వారం రెండో భాగానికి ముందు మొదటి భాగాన్ని ఇంకోసారి వేశారు. అలా తడబడుతూ మొదలైన కథ అరవయ్యేళ్లు దాటింది. మధ్యలో 1989 నుంచి 2005 దాకా ఆగింది. ఆ విరామంలో 1996లో ఒకే ఒక్క సినిమా వచ్చింది. మళ్లీ లేచి నడిచింది.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కల్లో కథ చెప్తాను. డాక్టర్ అని ఒకాయన ఉంటాడు. అసలు పేరు మనకు చెప్పరు. ఆయన దగ్గర ఒక యంత్రం ఉంది. దాని పేరు టార్డిస్. కాలంలో ముందుకీ వెనక్కీ కూడా పోతుంది. బయటినుంచి చూస్తే ఒక నీలం రంగు పోలీస్ బాక్స్. అప్పట్లో లండన్ వీధుల్లో పోలీసులకు ఫోన్ చేయడానికి అలాంటి చిన్న గదులు ఉండేవి. ఒక మనిషి నిలబడితే నిండిపోయేలా ఉంటుంది. తలుపు తీసి లోపలికెళ్తే మాత్రం పెద్ద హాలు. డాక్టర్ ఒకరిద్దరిని వెంటేసుకుని అందులో లోకాలు తిరుగుతాడు. ఎక్కడ అన్యాయం కనబడితే అక్కడ తలదూరుస్తాడు.

అన్నట్టు, ఆ మొదటి కథకు దర్శకుడు వారిస్ హుస్సేన్. మన లక్నోలో పుట్టినవాడు. అప్పటికి వయసు 24. నిర్మాత వెరిటీ లాంబర్ట్‌కు 27. బీబీసీలో పెద్దలు ఈ ఇద్దరినీ చూసి పెదవి విరిచిన రోజులవి.

సరే. అరవయ్యేళ్ల కథ అన్నాను. వందల భాగాలు. పదుల కొద్దీ రచయితలు. ఒకరు రాసింది ఇంకొకరికి అడ్డం పడుతుంది. చూసేవాళ్లేమో ఏదీ మర్చిపోరు. అలాంటప్పుడు కథలో పెద్ద మార్పు తేవాలంటే ఎలా? ఇప్పటిదాకా చెప్పినదాన్ని చెడగొట్టకుండా కొత్త సంగతి ఎలా చెప్పాలి? ఈ పూట నేను మాట్లాడేది ఆ ఒక్క విద్య గురించే.

దీన్ని ఇలా చూడండి. రాత్రిపూట అమ్మమ్మ కథ చెప్తోంది. నాలుగు రోజుల కిందట ఆ రాజుకు పిల్లల్లేరంది. ఇవాళ రాజుగారి కూతురు గుర్రమెక్కి వస్తోంది. మనవడు ఊరుకుంటాడా? "లేరన్నావుగా అమ్మమ్మా" అంటాడు. అమ్మమ్మ తడుముకోదు. "లేరని రాజు అనుకున్నాడ్రా. అసలు సంగతి మంత్రసానికి తెలుసు" అంటుంది. మనవడు లేచి కూర్చుంటాడు. ఇప్పుడేమైంది? నాలుగు రోజుల కిందటి కథ కూడా మారిపోయింది. ఒక్క మాట తీసేయకుండానే మారింది. అప్పుడు మంత్రసాని ఎందుకు ఊరొదిలి పోయిందో ఇప్పుడు అర్థమైంది. అదే అమ్మమ్మ "అదంతా రాజుకొచ్చిన కలరా" అందనుకోండి. మనవడు అటు తిరిగి పడుకుంటాడు.

పాతదాన్ని కొట్టేయకూడదు. పాతదానికి కొత్త వెలుగు రావాలి. ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. దీన్ని పట్టుకునే ముందుకు వెళ్దాం.

డాక్టర్ హూలో ఈ మార్పులు మొదటి భాగం గాలిలోకి వెళ్లకముందే మొదలయ్యాయి. ఆ భాగాన్ని రెండుసార్లు తీశారు. మొదటిసారి తీసింది బీబీసీ నాటక విభాగం పెద్ద సిడ్నీ న్యూమన్‌కు నచ్చలేదు. మళ్లీ తీయమన్నాడు. ఆ మొదటి ప్రతిలో డాక్టర్ మనవరాలు సుసాన్ తాను 49వ శతాబ్దంలో పుట్టానని చెప్తుంది. అంటే వీళ్లు భవిష్యత్తులోని మనుషులన్నమాట. రెండోసారి తీసినప్పుడు ఆ అంకె పోయింది. తాను వేరే కాలంలో, వేరే లోకంలో పుట్టానని మాత్రమే అంటుంది.

చూడడానికి చిన్న దిద్దుబాటు. కానీ ఆ అంకె అలాగే ఉండిపోతే? తర్వాత వచ్చిన కథలో సగం పుట్టేదే కాదు. డాక్టర్ ఎవరు, ఎక్కడివాడు, ఎందుకు తిరుగుతున్నాడు, ఏదీ తేల్చలేదు. ఆరేళ్లు తేల్చలేదు. ఆ ఖాళీ వాళ్ల ఆస్తి. తర్వాత వచ్చిన ప్రతి రచయితా ఆ ఖాళీలోనే వ్యవసాయం చేసుకున్నాడు.

ఇక అసలు దెబ్బ 1966లో పడింది.

డాక్టర్ వేషం వేస్తున్న నటుడు విలియం హార్ట్‌నెల్. 58 ఏళ్లు. ఆరోగ్యం దెబ్బతింది. మాటలు మర్చిపోతున్నాడు. నాటకమేమో జనానికి బాగా పట్టింది. ఆపలేరు. ఆయనతో నడపలేరు. ఏం చేయాలి? వేరే నటుణ్ణి తెచ్చి ఏమీ జరగనట్టు నడిపించేయొచ్చు. లేదంటే డాక్టర్‌ను చంపేసి కొత్త నాయకుణ్ణి తేవచ్చు. వాళ్లు రెండూ చేయలేదు.

కథ పేరు ది టెన్త్ ప్లానెట్. అంటే పదో గ్రహం. నాలుగు భాగాలు. దక్షిణ ధ్రువంలో ఒక స్థావరం. మంచు తుపాను. అక్కడికి సైబర్‌మెన్ అనేవాళ్లు వస్తారు. ఒకప్పుడు మనలాంటి మనుషులే. ఒంట్లో ఒక్కో అవయవం పాడైనప్పుడల్లా దాని బదులు యంత్రం పెట్టుకుంటూ పోయారు. చివరికి మనసు కూడా తీసేసుకున్నారు. ఈ ఊహ కిట్ పెడ్లర్ అనే వైద్య పరిశోధకుడిది. మూడో భాగం నాటికి హార్ట్‌నెల్‌కు జబ్బు చేసింది. ఆ వారం తెర మీదకు రానేలేదు. ఆయన చెప్పాల్సిన మాటలు వేరేవాళ్లకు పంచారు.

నాలుగో భాగం అక్టోబర్ 29న వచ్చింది. శత్రువు పని అయిపోయింది. డాక్టర్ మాత్రం తూలుతున్నాడు. ఈ ఒళ్లు అరిగిపోయిందన్న మాట ఇంతకుముందే ఆయన నోట వచ్చింది. మంచులో నడుచుకుంటూ టార్డిస్‌లోకి వెళ్లాడు. లోపల మీటలు వాటంతటవే కదులుతున్నాయి. నేల మీద పడిపోయాడు. తెరంతా తెల్లగా వెలిగింది. ఆ వెలుగులో ఒక ముఖం కరిగి ఇంకో ముఖం తేలింది. ప్యాట్రిక్ ట్రౌటన్ అనే వేరే నటుడు అక్కడ పడుకుని ఉన్నాడు. అంతే. భాగం అయిపోయింది. ఎలాంటి వివరణా లేదు. ఇదేమిటని ఎవరికీ చెప్పలేదు. రీజెనరేషన్ అనే పేరు దానికి 1974లో గానీ రాలేదు.

ఇక్కడొక ముచ్చట ఉంది. ఒళ్లు ముక్కముక్కగా మార్చుకుంటూ పోయినవాళ్లు మనసు పోగొట్టుకున్నారు. ఒళ్లంతా ఒక్కసారే మారినవాడు మనసు నిలుపుకున్నాడు. ఈ రెండూ ఒకే కథలో పెట్టాలని రచయితలు అనుకున్నారో లేదో గానీ, చూస్తే ఒకదానికొకటి సరిగ్గా కుదిరాయి.

మరుసటి వారం కొత్త కథ మొదలైంది. దాని పేరు ది పవర్ ఆఫ్ ద డాలెక్స్. డాక్టర్ వెంట ఉన్న ఇద్దరు, బెన్, పాలీ. వాళ్లకూ నమ్మకం లేదు. ఈయన మన డాక్టరేనా? కొత్తాయన అద్దంలో చూసుకుంటే పాత ముఖం కనబడుతుంది. పాత డాక్టర్ ఉంగరం తీసి వేలికి పెట్టుకుంటాడు. వదులు. జారిపోతుంది. చూసేవాళ్ల అనుమానాన్ని తెర మీద మనుషులకే అంటగట్టారు. మరి ఆయన డాక్టరేనని ఎవరు తేల్చారు? స్నేహితులు కాదు. శత్రువు. డాలెక్‌లని ఆయన పాత శత్రువులు ఉన్నాయి, వాటిలో ఒకటి ఆయన్ని గుర్తుపట్టింది. ముఖం మారినా తన శత్రువు ఎవరో దానికి తెలిసిపోయింది. ఇంతకంటే గట్టి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది?

ఇప్పుడు చెవి సంగతి చెప్తానన్నాను కదా. ఆ రోజుల్లో బీబీసీ వాళ్లు పాత టేపులు చెరిపేసి మళ్లీ వాడుకునేవాళ్లు. అలా అరవైలనాటి డాక్టర్ హూ భాగాల్లో తొంభైకి పైగా బొమ్మ లేకుండా పోయాయి. ది పవర్ ఆఫ్ ద డాలెక్స్ ఆరు భాగాలూ పోయాయి. హార్ట్‌నెల్ ముఖం మారిన ఆ నాలుగో భాగమూ పోయింది. ముఖం మారే ఆ కాసేపు మాత్రం బతికింది. బ్లూ పీటర్ అనే పిల్లల కార్యక్రమంలో ఆ ముక్క వాడుకున్నారు కాబట్టి మిగిలింది. కానీ శబ్దం? పోయిన ప్రతి భాగానికీ శబ్దం ఉంది. ఇళ్లలో అభిమానులు టీవీ ముందు టేప్ రికార్డర్ పెట్టి రికార్డు చేసుకున్నారు. బొమ్మ పోయింది, మాట మిగిలింది. రేడియో మనిషిగా నాకు ఆ మాత్రం గర్వం ఉండకూడదా?

శబ్దం మాట వచ్చింది కాబట్టి ఇంకొక్కటి చెప్తాను. టార్డిస్ కదిలేటప్పుడు ఒక రొప్పుతున్న చప్పుడు వస్తుంది. బ్రయాన్ హాడ్జ్‌సన్ అనే ఆయన తయారుచేశాడు. పాత పియానో తీగల మీద తాళంచెవి పెట్టి గీశాడు. దాన్ని టేపు మీద సాగదీసి, వెనక్కి తిప్పి, ఆ చప్పుడు పుట్టించాడు. నాటకానికి నాంది సంగీతం రాన్ గ్రెయినర్ రాశాడు. డెలియా డెర్బీషైర్ దాన్ని టేపు ముక్కలు కత్తిరించి, అతికించి, స్వరం స్వరం కూర్చింది. నటులు మారారు, ముఖాలు మారాయి. ఆ చప్పుడు మాత్రం నేటికీ అదే.

మళ్లీ కథలోకి వద్దాం. 1969. ది వార్ గేమ్స్. ఏకంగా పది భాగాలు. టెరెన్స్ డిక్స్, మాల్కమ్ హల్క్ కలిసి రాశారు. వేరే కథలు చేతికందక, పది వారాలు వీళ్లిద్దరే నింపాల్సి వచ్చింది. అవసరం ఎంత పని చేయిస్తుందో చూడండి.

ఎవరో గ్రహాంతరవాసులు భూమి మీద జరిగిన రకరకాల యుద్ధాల నుంచి సిపాయిల్ని ఎత్తుకొచ్చి ఒకచోట పడేశారు. రోమన్లు ఒకవైపు, మొదటి ప్రపంచ యుద్ధం సిపాయిలు ఇంకోవైపు. మధ్యలో పొగమంచు. ఎవరి యుద్ధం వాళ్లది. డాక్టర్ కుట్రను ఛేదించాడు. కానీ ఇంతమందిని ఎవరి కాలానికి వాళ్లను పంపడం ఎలా? ఆయన వల్ల కాదు. ఆ పని చేయగలిగింది ఆయన సొంత జనమే. వాళ్లను పిలిస్తే ఆయన దొరికిపోతాడు. ఎందుకంటే ఆయన వాళ్ల దగ్గర్నుంచి పారిపోయి వచ్చినవాడు.

ఆరేళ్లుగా తేలని ప్రశ్న ఇలా తేలింది. వాళ్లు టైమ్ లార్డ్స్. కాలం మీద అధికారం ఉన్నవాళ్లు. అన్నీ చూస్తారు. దేనిలోనూ చేయి పెట్టరు. డాక్టర్ అది భరించలేక ఒక టార్డిస్ దొంగిలించి పారిపోయాడు. ఇప్పుడు వాళ్లు ఆయన్ని పట్టుకుని విచారణ జరిపారు. వెంట ఉన్న జేమీ, జోయీల జ్ఞాపకాలు చెరిపేసి ఇళ్లకు పంపేశారు. డాక్టర్ ముఖం మార్చి, భూమి మీదకు ప్రవాసం పంపారు.

ఈ జవాబులోని గొప్పతనం గమనించండి. ఆయన ఏ రాజకుమారుడో కాదు. ఏ దేవుడో కాదు. చూస్తూ ఊరుకోలేక ఇల్లు వదిలినవాడు. ఒక పారిపోయిన మనిషి. ఈ సంగతి తెలిశాక వెనక్కి వెళ్లి మొదటి భాగం చూడండి. పాత సామాన్ల యార్డులో దాక్కున్న ఆ ముసలాయన ఎందుకంత చిరాకుగా ఉన్నాడో, బయటివాళ్లు తలుపు తడితే ఎందుకంత ఉలిక్కిపడ్డాడో ఇప్పుడు తెలుస్తుంది. మంత్రసాని సంగతి లాంటిదే ఇది. పాత మాట ఒక్కటీ మారలేదు. దాని బరువు మారింది.

ఈ ప్రవాసం వెనక డబ్బు లెక్క కూడా ఉందని మర్చిపోవద్దు. 1970లో నాటకం రంగుల్లోకి మారింది. ప్రతి వారం కొత్త గ్రహం కట్టాలంటే ఖర్చు. డాక్టర్ భూమి మీదే ఉంటే లండన్ వీధులే చాలు. ఖర్చు తగ్గించడానికి వేసిన ఎత్తు, చూసేవాళ్లకు డాక్టర్‌కు పడిన శిక్షగా, కథగా అందింది. ఆ టైమ్ లార్డ్స్ గ్రహానికి గాలిఫ్రే అని పేరు పెట్టడం ఇంకో నాలుగేళ్ల తర్వాత సంగతి.

1975లో టెర్రీ నేషన్ ఇంకో పని చేశాడు. డాలెక్‌లను పుట్టించింది ఆయనే. ఇనుప గంపల్లో కూర్చుని, అందరినీ చంపుతామంటూ గరగరా అరిచే జీవులు అవి. 1963లో వాటి పూర్వకథ ఒకటి చెప్పాడు. వాళ్ల పూర్వీకులు పండితులు, తత్త్వవేత్తలు. యుద్ధం వచ్చింది, బాంబు పడింది, వాళ్లు అలా వికృతంగా మారిపోయారు. అదొక ప్రమాదం. పన్నెండేళ్ల తర్వాత ఆయన మళ్లీ ఒక డాలెక్ కథ తెస్తే, ఇది నువ్వు ఇంతకుముందే ఇచ్చావుగా అన్నారు అక్కడివాళ్లు. వాటి పుట్టుక రాసుకురమ్మన్నారు. అదే జెనెసిస్ ఆఫ్ ద డాలెక్స్.

ఇందులో డాలెక్‌లు ప్రమాదవశాత్తు పుట్టలేదు. డావ్రోస్ అనే శాస్త్రవేత్త కావాలని తయారుచేశాడు. జాలి అనే గుణాన్ని ఏరి పారేసి మరీ చేశాడు. 1963లో చెప్పినదానికీ దీనికీ పొసగదు. పూర్వీకుల పేరు కూడా వేరు. నేను ఇందాక చెప్పిన సూత్రం ప్రకారం జనం అటు తిరిగి పడుకోవాలి. పడుకోలేదు. ఎందుకు?

ఒక్క దృశ్యం చెప్తాను. టామ్ బేకర్ అప్పుడు డాక్టర్. డాలెక్‌లు పెరుగుతున్న గది వాకిట్లో నిలబడ్డాడు. లోపల పేలుడు పదార్థం పెట్టి వచ్చాడు. చేతుల్లో రెండు తీగలు. రెండు కొసలూ కలిపితే చాలు. డాలెక్ జాతి పుట్టకుండానే పోతుంది. ఆయన వెంట తిరిగే సారా పక్కనుండి కలపమంటోంది. ఆయన చేతులు ఆగిపోయాయి. ఒక జాతిని పుట్టుకలోనే చంపే హక్కు నాకుందా అని ఆయన సందేహం. అలా చేస్తే డాలెక్‌లకూ నాకూ తేడా ఏమిటి? ఇంతలో ఎవరో పిలుస్తారు. బతికిపోయానన్నట్టు తీగలు పీకేస్తాడు. తర్వాత మళ్లీ వస్తాడు. అప్పుడు ఒక డాలెక్ తానే దొర్లుకుంటూ వచ్చి ఆ తీగల మీదకెక్కుతుంది. తీగలు కలుస్తాయి. పేలిపోతుంది. ఆయన చేయలేని పని అదే చేసుకుంది.

పొసగని కథను జనం ఎందుకు ఒప్పుకున్నారంటే ఇందుకే. పాత పూర్వకథలో ఒక సమాచారం ఉంది. కొత్తదానిలో ఒక చిక్కు ఉంది, మనిషిని నిద్రపోనివ్వని చిక్కు. లెక్క కుదరడం మంచిదే. కానీ లెక్క ఒక్కటే చూసి జనం కథను ప్రేమించరు. తర్వాతి రచయితలు ఇంకో ముడి కూడా వేశారు. డాలెక్‌లను ఆపమని డాక్టర్‌ను పంపింది టైమ్ లార్డ్సే కదా, తర్వాత ఆ రెండు జాతుల మధ్య జరిగిన మహాయుద్ధానికి ఇదే తొలి దెబ్బ అన్నారు.

ఇప్పుడు ఒక చిన్న మాట పెద్ద చిక్కు తెచ్చిన వైనం. 1976లో రాబర్ట్ హోమ్స్ ది డెడ్లీ అసాసిన్ అనే కథ రాశాడు. అందులో మాస్టర్ అనే విలన్ చావుకు దగ్గరపడి ఉండాలి. అతనూ టైమ్ లార్డే. టైమ్ లార్డ్స్ ముఖం మార్చుకుంటూ బతికేస్తారాయె, ఎలా చస్తాడు? అందుకని ఒక పాత్ర చేత ఒక మాట అనిపించాడు. ఏ టైమ్ లార్డ్‌కైనా మార్పులు పన్నెండే. అంటే పదమూడు జన్మలు. ఆ కథకు ఆ మాట కావాలి. అప్పటికి డాక్టర్ నాలుగో ముఖంలో ఉన్నాడు. పదమూడు ఎప్పటి మాట?

కాలం ఎంతలో గడుస్తుంది! 2013 వచ్చేసింది. మ్యాట్ స్మిత్ పదకొండో డాక్టర్. మధ్యలో దాచిన ముఖం ఒకటి బయటపడింది. దాన్ని కలిపితే పన్నెండు. 2008లో ఒకసారి ముఖం మారకుండానే ఒక మార్పు ఖర్చయింది. అదీ కలిపితే పదమూడు. ఇక లేవు. ఆ ఏటి క్రిస్మస్ కథలో టైమ్ లార్డ్స్ ఆకాశంలోని చీలిక గుండా ఆయనకు కొత్త ఆయువు పంపాల్సి వచ్చింది. 1983లోనే మాస్టర్‌కు కొత్త విడత జన్మలు ఇస్తామని వాళ్లు ఆశపెట్టిన దాఖలా ఉంది కాబట్టి సరిపోయింది. ఒక సాయంత్రం పని గడవడానికి రాసిన ఒక్క వాక్యం, ముప్పై ఏడేళ్ల తర్వాత వేరే రచయిత గొంతు పట్టుకుంది. కథలు రాసే శ్రోతలు ఎవరైనా ఉంటే, అంకెలు వేసేటప్పుడు చేయి కాస్త వెనక్కి లాగండి.

దాచిన ముఖం అన్నాను. అది అదే ఏడాది నవంబర్ 23న వచ్చిన యాభయ్యేళ్ల పండుగ కథలోది. ది డే ఆఫ్ ద డాక్టర్. స్టీవెన్ మొఫాట్ రాశాడు. ఒకేసారి 94 దేశాల్లో వేశారు. 2005లో నాటకం తిరిగి మొదలైనప్పుడు రస్సెల్ టి. డేవిస్ ఒక పెద్ద విషాదం పెట్టాడు. టైమ్ లార్డ్స్‌కూ డాలెక్‌లకూ మహాయుద్ధం జరిగింది. దాన్ని ఆపడానికి డాక్టర్ తన సొంత గ్రహాన్నే కాల్చేశాడు. ఎనిమిదేళ్లు ఆ పాపం మోస్తూ తిరిగాడు. ఇప్పుడు మొఫాట్ ఏమన్నాడు? కాల్చలేదు. వేర్వేరు ముఖాల డాక్టర్లందరూ కలిసి గాలిఫ్రేను ఒక మూల దాచారు. వినగానే ఒళ్లు మండాలి. అయితే ఆ ఎనిమిదేళ్ల ఏడుపు అబద్ధమా?

మొఫాట్ అక్కడే అమ్మమ్మ తెలివి చూపించాడు. కాలాలు కలగలిసిపోవడం వల్ల ఆ సంగతి డాక్టర్‌కు గుర్తుండదు. కాల్చేశాననే అనుకుంటాడు. కాబట్టి ఆ ఎనిమిదేళ్ల కన్నీళ్లూ నిజమైన కన్నీళ్లే. ఒక్క భాగం కూడా పాడవలేదు. ఆ కాల్చబోయిన డాక్టర్‌గా వేసింది జాన్ హర్ట్. 2005 నాటి డాక్టర్ క్రిస్టఫర్ ఎకెల్‌స్టన్ రానన్నాడు కాబట్టి ఈ కొత్త ముఖం పుట్టింది. అవసరం మళ్లీ దారి చూపింది.

ఇక చివరిది, అభిమానులు ఇప్పటికీ కొట్టుకుంటున్నది. 2020.

ఆ జనవరిలో ఒక భాగం వచ్చింది. జోడీ విట్టేకర్ అప్పుడు డాక్టర్. మొదటి ఆడ డాక్టర్. ఆవిడ ఒక దీపస్తంభం పక్కన, పేరు లేని సమాధి తవ్వుతుంది. మట్టి తీస్తుంటే నీలం రంగు చెక్క బయటపడుతుంది. తన టార్డిసే. కానీ తనది వేరేచోట ఉంది కదా! అప్పుడు జో మార్టిన్ అనే నటి వచ్చి, డాక్టర్‌ను నేనే అంటుంది. ఇద్దరికీ ఒకరి గురించి ఒకరికి గుర్తులేదు. నా మట్టుకు ఈ అరవయ్యేళ్లలో ఇంత గొప్ప ప్రశ్న కొద్దిసార్లే వేశారు.

మార్చి 1న జవాబు వచ్చింది. ది టైమ్‌లెస్ చిల్డ్రన్. రాసింది క్రిస్ చిబ్నల్. ముఖాలు మార్చే శక్తి టైమ్ లార్డ్స్‌ది కాదట. ఎక్కడి నుంచో వచ్చిన ఒక అనాథ పిల్లదట. ఆ పిల్ల కొండ మీద నుంచి పడి చనిపోయి, కొత్త ముఖంతో లేచింది. పెంచిన తల్లి టెక్టియన్ శాస్త్రవేత్త. ఆ శక్తిని పరిశోధించి తన జాతికి పంచింది. ఆ పిల్లే డాక్టర్. జ్ఞాపకాలు చెరిపేశారు. హార్ట్‌నెల్‌కు ముందు ఎన్నో జన్మలున్నాయి. దీనికి పాత ఆధారం కూడా ఉంది. 1976లో ది బ్రెయిన్ ఆఫ్ మోర్బియస్ అనే కథలో తెర మీద ఎనిమిది తెలియని ముఖాలు వస్తాయి. నిజానికి అవి నాటకం తీసేవాళ్లే వేషాలు వేసుకుని దిగిన ఫొటోలు. 44 ఏళ్ల తర్వాత అవి డాక్టర్ పాత జన్మలని ఒక ముడి వేశారు.

మరి పాతదాన్ని కొట్టేయలేదు కదా, దీనికేం తక్కువ అంటారా? లెక్క కుదరలేదన్నది నా ఫిర్యాదు కాదు. హార్ట్‌నెల్‌కు ముందు జన్మలో పోలీస్ బాక్స్ ఎక్కడిదని అభిమానులు వాదిస్తారు. అది చిన్న సంగతి. నా ఇబ్బంది వేరు. 1969లో డాక్టర్ గొప్పతనం ఆయన చేసిన పనిలో ఉంది. అందరూ కూర్చుంటే తానొక్కడే లేచి వెళ్లాడు. 2020 నాటికి ఆ గొప్పతనం పుట్టుకలోకి జారింది.

పుట్టుక రహస్యం మనకు కొత్త కాదు. కర్ణుడిది మనకు తెలుసు. కానీ కృష్ణుడు ఆ రహస్యం చెప్పింది యుద్ధానికి ముందు. చెప్పి, మా వైపు రమ్మన్నాడు. కర్ణుడు రానన్నాడు. రహస్యం వల్ల కర్ణుడు పెద్దవాడు కాలేదు. తెలిశాక కూడా స్నేహితుణ్ణి వదలనందుకు పెద్దవాడయ్యాడు. ఇక్కడేమో డాక్టర్ ఒకచోట బందీగా నిలబడి ఉంటే, మాస్టర్ పక్కన తిరుగుతూ అంతా వివరిస్తాడు. ఆ మాస్టర్ వేషం సచా ధవన్‌ది. భారతీయ మూలాలున్న బ్రిటిష్ నటుడు, చాలా బాగా చేశాడు. చేసినా, డాక్టర్‌కు అక్కడ ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. వినడమే పని. అదీ లోటు.

ఇంతా చెప్పి, ఒకటి చూడమంటే ఏది చూడమంటానో చెప్పాలి. ది వార్ గేమ్స్ చూడండి. ఇక్కడ చిన్న జాగ్రత్త. 2024 డిసెంబర్‌లో బీబీసీ వాళ్లు దానికి రంగులద్ది, పది భాగాలను గంటన్నరకు కుదించి వేశారు. చివర్లో ట్రౌటన్ ముఖం మారి జాన్ పెర్ట్‌వీ ముఖం వచ్చే దృశ్యం కొత్తగా తయారుచేసి చేర్చారు. 1969లో అది లేదు. అప్పటివాళ్లకు కొత్త ముఖం చూపించకుండానే ఆపేశారు. ఇన్నేళ్లూ పాత భాగాన్ని అలాగే ఉంచి, కొత్త భాగంతో దాని అర్థం మార్చేవాళ్లు. ఈసారి పాత భాగం మీదే చేయి వేశారు. నాకది రుచించలేదు. పనితనం బాగుంది, కాదనను.

అందుకని నలుపు తెలుపులో ఉన్న అసలుదే చూడండి. మొత్తం నాలుగు గంటలకు పైన. మధ్యలో సాగుతుంది, దాచను. పట్టుబడడం, తప్పించుకోవడం, మళ్లీ పట్టుబడడం. ఒకేసారి కూర్చోకండి. అప్పటివాళ్లు వారానికొకటి చూశారు. తొమ్మిదో భాగం దాకా ఓపిక పట్టండి. అక్కడ డాక్టర్ నేల మీద కూర్చుని, తన జనానికి కబురు పంపడానికి ఒక తెల్ల పెట్టె తయారుచేస్తాడు. ఆ తర్వాత ఆయన ముఖంలో కనబడే భయాన్ని చూడండి. ఆరేళ్లుగా ఏ డాలెక్ ముందూ ఆయన అంత భయపడలేదు.